లీటరు లెక్క, యూనిట్ లెక్క

కారు కొనబోయే కుటుంబం ముందు ఒకప్పుడు పెట్రోలా, డీజిలా అన్న ప్రశ్న ఉండేది; ఇప్పుడు ఆ చోట పెట్రోలా, బ్యాటరీయా అన్న ప్రశ్న నిలిచింది. కార్ల మీద మక్కువ ఉన్నవారు ఈ ప్రశ్న దగ్గర చాలావరకు రెండు పక్షాలుగా చీలిపోతారు. కరెంటు బండి కిలోమీటరుకు రూపాయిన్నరతో నడుస్తుందని, బంకు ముఖం చూడనక్కర్లేదని ఒక పక్షం అంటుంది. ఆ రూపాయిన్నర లెక్క ఊళ్లో చెల్లుతుందే తప్ప హైవే ఎక్కాక చెల్లదని, ఎండలకు బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలని, పైగా ఆ కరెంటు కూడా బొగ్గు కాల్చగా వచ్చిందే కదా అని రెండో పక్షం ఎదురు వాదిస్తుంది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఏ మాట ఎక్కడ, ఎంత దూరానికి, ఏ ధర దగ్గర నిజమవుతుందో తేల్చకుండా వాదించినంతకాలం చర్చ ఉన్నచోటనే తిరుగుతుంది.

ఆ తేల్చే పనికి పూర్వపు నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాలు చక్కగా ఉపకరిస్తాయి. సూర్యాపేట హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారికి దాదాపు నడిమధ్యన ఉంది కాబట్టి దూరం, వేగం, చార్జింగ్ అనే మూడు విషయాలూ అక్కడ పరీక్షకు వస్తాయి. అదే రహదారి మీద కోదాడ ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్నందున ఇంధన ధరలో పన్నుల వాటా ఎంతో అక్కడ కళ్లకు కడుతుంది. రైసు మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలో బరువు మోసే లారీల సమస్యతోపాటు, ఆ పక్కనే దామరచర్ల మండలంలో వెలసిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం మూలంగా కరెంటు పుట్టుక ప్రశ్న కూడా ఎదురవుతుంది. ఈ మూడు పట్టణాల లెక్కలు కలిపి చూసినప్పుడు, కరెంటు బండి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఊరినిబట్టి, వాడకాన్నిబట్టి మారే జవాబే సరైన జవాబని తేలుతుంది.

ఒక లీటరులో ఎన్ని యూనిట్లు?

పెట్రోలును లీటర్లలో, కరెంటును యూనిట్లలో కొలుస్తున్నంతసేపు రెండింటినీ పోల్చడం కుదరదు కనుక ముందుగా వాటిని ఒకే కొలతలోకి తేవాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే ఖర్చయ్యే విద్యుత్తును ఒక యూనిట్ అంటారు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండినప్పుడు వెలువడే వేడిమిని ఇదే కొలతలో చెబితే సుమారు 9 యూనిట్లు, లీటరు డీజిల్ అయితే సుమారు 10 యూనిట్లు అవుతుంది. 35 లీటర్లు పట్టే మామూలు కారు ట్యాంకులో ఈ లెక్కన 300 యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది. 2020 జనవరిలో విడుదలైన తొలి టాటా నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీలో పట్టేది 30.2 యూనిట్లు మాత్రమే. పదో వంతు శక్తితో బయలుదేరిన కారు పదో వంతు దూరమే పోవాలి కదా, మరి మూడో వంతు దూరం వరకు ఎలా పోగలుగుతోంది?

దీనికి జవాబు ఇంజను, మోటారు పనిచేసే తీరులో ఉంది. ఇంజను ఇంధనాన్ని మండించి, ఆ వేడికి వ్యాకోచించే వాయువులతో పిస్టన్లను నెట్టిస్తుంది. ఈ క్రమంలో అధిక భాగం వేడి రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా గాలిలో కలిసిపోగా, చక్రాల దాకా చేరేది నూటికి పాతిక పాళ్లకు అటూ ఇటూ మాత్రమే. విద్యుత్ మోటారులో మంట లేదు, తీగచుట్టలో పారే కరెంటు పుట్టించే అయస్కాంత బలమే ఇరుసును తిప్పుతుంది కాబట్టి బ్యాటరీ ఇచ్చిన శక్తిలో నూటికి 85 పాళ్లకు పైగా చక్రాలకు అందుతుంది. ఇంజను గరిష్ఠ బలాన్ని అందుకోవాలంటే కొంత వేగంగా తిరగాలి, అందుకే దానికి గేర్లు కావాలి. మోటారు మాత్రం నిలిచి ఉన్న స్థితి నుంచే పూర్తి తిప్పుడు బలాన్ని, అంటే కార్ల ప్రియులు టార్క్ అని పిలిచే దాన్ని అందిస్తుంది. కరెంటు కారు పికప్ గురించి దాని అభిమానులు చెప్పేదానిలో అతిశయోక్తి లేకపోవడానికి కారణం ఇదే.

అయితే పెట్రోలుకు ఉన్న బలం కూడా చిన్నది కాదు. కిలో బరువులో ఎంత శక్తి ఇమిడి ఉందో చెప్పే కొలతను శక్తి సాంద్రత అనవచ్చు. కిలో పెట్రోలులో సుమారు 12 యూనిట్ల శక్తి ఉండగా, నేటి కార్లలోని లిథియం బ్యాటరీ పెట్టెలో కిలోకు ఇమిడేది యూనిట్‌లో ఆరో వంతుకు అటూ ఇటూ మాత్రమే. 2001లో బెంగళూరు నుంచి వెలువడిన రేవా కారు సీసపు బ్యాటరీలతో నడిచింది, వాటిలో శక్తి సాంద్రత ఇంకా తక్కువ కావడంతో అది ఊరి పొలిమేర దాటని చిన్న బండిగానే మిగిలింది. 1991లో సోనీ సంస్థ వాణిజ్యపరంగా మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ, దాని పునాదులు వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యొషినోలకు 2019లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన బ్యాటరీ, ఈ పరిస్థితిని మార్చింది. 2010 ప్రాంతంలో యూనిట్ సామర్థ్యానికి వెయ్యి డాలర్లకు పైబడి పలికిన ఈ బ్యాటరీల సగటు ధర 2024 నాటికి 115 డాలర్లకు దిగివచ్చింది. ఈ ధర పతనం లేకపోతే కరెంటు కారు నేడు ఇంటింటి చర్చగా మారేదే కాదు.

పెట్రోలు లీటరులో ఉండే శక్తి కూడా ఇటీవల కొంత తగ్గిన సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. దేశమంతటా 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటే వేడిమి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, ఈ మిశ్రమంలో లీటరుకు అందే శక్తి నూటికి ఆరేడు పాళ్లు తగ్గుతుంది. ఇథనాల్ మంటకు తగినట్టు రూపొందించిన ఇంజనులో ఈ లోటు కొంత పూడుతుంది, పాత ఇంజనులో మైలేజీ తగ్గుదలగా కనిపిస్తుంది. చెరకు, మొక్కజొన్నలతోపాటు నూకల నుంచి కూడా ఇథనాల్ తీస్తారు కనుక, మిల్లులో విరిగిన బియ్యపు గింజ ఇప్పుడు ఇంధన విపణిలోనూ సరుకే.

సూర్యాపేట: వేగం పెరిగితే దూరం తగ్గుతుంది

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్ల దూరం ఉండగా, సూర్యాపేట హైదరాబాద్‌కు దాదాపు 135 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సులు, కార్లు టిఫినుకో భోజనానికో ఆగే ఊరిగా దీనికి ఎప్పటినుంచో పేరుంది. మొదటి తరం నెక్సాన్ బ్యాటరీ కారుకు ప్రామాణిక పరీక్షలో వచ్చిన దూరం 312 కిలోమీటర్లు. ఆ అంకెను నమ్మి హైదరాబాద్‌లో బయలుదేరినవారు ఎక్కడా ఆగకుండా విజయవాడ చేరగలమనుకుంటారు. రహదారి మీద నిలకడగా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళితే మాత్రం అదే కారు ఒక యూనిట్‌కు ఆరు, ఆరున్నర కిలోమీటర్లకు మించి ఇవ్వదు, అంటే బ్యాటరీ అడుగంటేదాకా నడిపినా 190 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

ప్రకటనలోని అంకెకు, రోడ్డు మీది అంకెకు ఇంత తేడా రావడానికి ప్రధాన కారణం గాలి. కదిలే వాహనం తన ముందున్న గాలిని పక్కకు నెట్టుకుంటూ పోవాలి; ఈ గాలి నిరోధం వేగం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం దగ్గర ఉన్న నిరోధం 100 దగ్గరకు వచ్చేసరికి దాదాపు 2.8 రెట్లకు, 120 దగ్గర నాలుగు రెట్లకు చేరుతుంది. ప్రామాణిక పరీక్షలో సగటు వేగం తక్కువ, మధ్యమధ్య ఆగడాలు ఎక్కువ కాబట్టి గాలి ప్రభావం అక్కడ పెద్దగా కనబడదు.

పెట్రోలు కారు కూడా ఇదే గాలిలో పోతుంది, మరి దానికి హైవే మీద మైలేజీ పెరుగుతుందేమని సందేహం రావడం సహజం. పెట్రోలు ఇంజను ఊళ్లో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు అతి తక్కువ సామర్థ్యంతో పనిచేస్తుంది, ఆగిన చోట కూడా ఇంధనం తాగుతుంది, బ్రేకు వేసిన ప్రతిసారీ కూడగట్టుకున్న వేగాన్ని వేడిగా పారబోస్తుంది. హైవే ఎక్కాక ఈ నష్టాలు తగ్గి, గాలి వల్ల పెరిగిన ఖర్చును మించిన లాభం వస్తుంది. కరెంటు బండి ఆగిన చోట దాదాపు ఏమీ ఖర్చు చేయదు, బ్రేకు వేసేటప్పుడు దాని మోటారే డైనమోగా మారి కొంత శక్తిని మళ్లీ బ్యాటరీలోకి పంపుతుంది. రీజెనరేటివ్ బ్రేకింగ్ అని కంపెనీలు పిలిచే ఈ రాబట్టుడు బ్రేకు ఊళ్లో ఎంతో ఉపయోగపడుతుంది కానీ, బ్రేకు అవసరమే పెద్దగా రాని నాలుగు వరుసల రహదారి మీద దానికి పని ఉండదు. ఇలా ఒక బండికి అచ్చివచ్చే దారి మరో బండికి ఖరీదైన దారి అవుతుంది. రెండు పక్షాలవారు తమతమ అనుభవాలను నిజాయితీగానే చెబుతున్నా ఒకరి మాట ఒకరికి అబద్ధంగా తోచడం ఇందువల్లనే.

సూర్యాపేటలో ఆగి చార్జింగ్ పెట్టినప్పుడు ఎంతసేపు పడుతుందన్నది తరువాతి ప్రశ్న. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు మూడు యూనిట్లకు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది కనుక 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి రాత్రంతా పడుతుంది. ఇంటికి వచ్చే కరెంటు దిశ మార్చుకుంటూ పారే రకం, అంటే ఏసీ; బ్యాటరీ దాచుకునేది ఒకే దిశలో పారే డీసీ. ఈ మార్పిడిని ఇంటి చార్జింగ్‌లో కారులోని చిన్న పరికరం చేస్తే, హైవే పక్కన ఉండే వేగపు చార్జింగ్ కేంద్రంలో బయట ఉన్న పెద్ద యంత్రమే చేసి నేరుగా బ్యాటరీకి అందిస్తుంది. అలాంటి చోట తొలి నెక్సాన్‌కు 80 శాతం నిండడానికి గంట పడుతుందని కంపెనీ చెప్పింది. అంతకంటే శక్తిమంతమైన చార్జర్లను భరించగలిగే కొత్త కార్లు ఈ సమయాన్ని అరగంట దగ్గరకు తెచ్చాయి.

అందరూ 80 శాతం గురించే ఎందుకు మాట్లాడతారు, నూరు శాతం గురించి ఎందుకు చెప్పరు? గోనెసంచిలో వడ్లు పోసేటప్పుడు మొదట ధారగా జారిపడతాయి, సంచి నోటిదాకా వచ్చాక మాత్రం కుదిపి, సర్ది, కొద్దికొద్దిగా పోయాలి, తొందరపడితే గింజలు నేలపాలవుతాయి. బ్యాటరీలో వడ్ల స్థానంలో లిథియం అయాన్లు ఉంటాయి. అవి ద్రవంలో ఈదివచ్చి గ్రాఫైటు పొరల మధ్య చోటు వెతుక్కొని కూర్చుంటాయి. ఖాళీలు ఎక్కువగా ఉన్నంతసేపు పని చకచకా సాగుతుంది, చివరికి వచ్చేసరికి చోటు దొరకని అయాన్లు పొర ఉపరితలం మీదే లోహంగా పేరుకొనే ప్రమాదం ఉంటుంది. అలా పేరుకున్న లోహం బ్యాటరీ ఆయుష్షును తగ్గించడంతోపాటు భద్రతకూ ముప్పు తెస్తుంది కాబట్టి, కారులోని నియంత్రణ వ్యవస్థ చివరి 20 శాతంలో కరెంటు ధారను తానే సన్నగిలజేస్తుంది. సూర్యాపేటలో 80 శాతం నిండగానే బయలుదేరేవారు సమయాన్ని ఆదా చేస్తారు, వెనక వరుసలో వేచి ఉన్న బండికి మేలు కూడా చేస్తారు.

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో వేసవి పగళ్లు 44, 45 డిగ్రీలను దాటుతాయి. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ లోపల అక్కర్లేని రసాయన చర్యలు కూడా వేగం పుంజుకుంటాయి, అందువల్ల నిండా చార్జింగ్ పెట్టిన కారును మిట్టమధ్యాహ్నపు ఎండలో రోజుల తరబడి నిలబెట్టడం దానికి అన్నింటికన్నా హానికరం. గొట్టాల గుండా చల్లని ద్రవాన్ని పారించే ఏర్పాటు ఉన్న కార్లు, ఇనుము–ఫాస్ఫేటు రకం లిథియం బ్యాటరీలు ఈ ఎండను మెరుగ్గా తట్టుకుంటాయి. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇవ్వడానికి కంపెనీలు ముందుకు రావడం వెనక ఈ రెండు మెరుగుదలలూ ఉన్నాయి.

ఈ రహదారి మీద కరెంటు ప్రయాణం కార్లకే పరిమితం కాలేదు. 2023 మే నెలలో ఆర్టీసీ హైదరాబాద్–విజయవాడ మధ్య ఈ–గరుడ పేరుతో విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టి, ఒక్క చార్జింగ్‌తో 325 కిలోమీటర్లు పోతాయని ప్రకటించింది. నిర్ణీత వేళకు బయలుదేరి, నిర్ణీత దూరం పోయి, డిపోలో తీరుబాటుగా చార్జింగ్ పెట్టుకోగల బస్సుకు, ఎప్పుడు ఎక్కడికి పోవలసి వస్తుందో తెలియని సొంత కారుకు ఉండే అనిశ్చితి ఉండదు. కరెంటు వాహనానికి బాగా సరిపడే వాడకం ఎలా ఉంటుందో ఈ బస్సులు చూపుతాయి.

కోదాడ: సరిహద్దు దగ్గర ధర

కోదాడ దాటి కొద్ది కిలోమీటర్లు పోతే ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట ప్రాంతం వస్తుంది. ఒకే ముడిచమురు నుంచి వచ్చిన ఒకే పెట్రోలు సరిహద్దుకు అటు ఒక ధర, ఇటు ఒక ధర పలుకుతుంది. 2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకు ఉండగా ఆంధ్రలో అంతకంటే ఎక్కువే ఉంది, అందుకే ఆ వైపు వెళ్లే బండ్లు కోదాడ బంకుల్లోనే ట్యాంకు నింపుకోవడం లాభసాటి. తెలంగాణ పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ విధిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పెట్రోలు మీద 31 శాతం వ్యాట్‌తోపాటు లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, మరో రూపాయి రోడ్ల సెస్సు వసూలు చేస్తుంది. శాతం తక్కువైనా చివరి ధర ఎక్కువ కావడానికి ఆ అదనపు రూపాయలే కారణం.

107 రూపాయలను విప్పి చూస్తే అందులో రాష్ట్ర వ్యాట్ సుమారు 28 రూపాయలు, 2025 ఏప్రిల్ పెంపు తరువాత కేంద్ర ఎక్సైజు సుమారు 22 రూపాయలు ఉంటాయి. అంటే లీటరు ధరలో సగానికి కాస్త తక్కువ పన్నులే. ముడిచమురు, శుద్ధి, రవాణా, బంకు యజమాని కమీషను కలిపి మిగతాది. వ్యాట్ శాతాల్లో ఉండడం వల్ల అసలు ధర పది రూపాయలు పెరిగితే తెలంగాణలో బంకు ధర పదమూడున్నర రూపాయలు పెరుగుతుంది. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిల్ ధరను మార్కెట్‌కు వదిలివేశారు, 2017 జూన్ నుంచి రోజువారీ సవరణ కూడా అమల్లోకి వచ్చింది. అయినా ముడిచమురు ధర దిగినప్పుడల్లా బంకు ధర దిగకపోవడానికి, ఆ ఖాళీని ఎక్సైజు పెంపుతోనో చమురు కంపెనీల నష్టాల భర్తీతోనో నింపడమే కారణం. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కనుక డాలరు విలువ కూడా కోదాడ బంకు మీటరులో తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు ధర కూడా అందరికీ ఒకటే అనుకోకూడదు. నెలకు 1,250 కిలోమీటర్లు తిరిగే కారు, చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, ఇంటి మీటరులో సుమారు 200 యూనిట్లు తిప్పుతుంది. తెలంగాణ గృహ విద్యుత్ శ్లాబుల ప్రకారం నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు చార్జీ 580 రూపాయలు. కారు వచ్చాక వాడకం 350 యూనిట్లకు చేరితే, 200 దాటినందువల్ల శ్లాబే మారిపోయి, చార్జీ 2,240 రూపాయలు అవుతుంది. అదనపు 200 యూనిట్లకు పడిన భారం 1,660 రూపాయలు, అంటే యూనిట్‌కు ఎనిమిది రూపాయలకు పైనే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్న ఇల్లు ఆ హద్దు దాటితే మొత్తం బిల్లు కట్టాలి కాబట్టి దానికి ఈ భారం యూనిట్‌కు 11 రూపాయల దాకా పోతుంది. చార్జింగ్ కేంద్రాలకు డిస్కం ప్రత్యేక వర్గం కింద యూనిట్ ఆరు రూపాయలకు ఇచ్చినా, యంత్రం ఖరీదు, స్థలం అద్దె, 18 శాతం జీఎస్టీ కలిసి హైవే మీద వాహనదారు చెల్లించేది దానికి మూడు రెట్ల దాకా ఉంటుంది.

ఈ అంకెలను కిలోమీటరుకు మారిస్తే, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు కిలోమీటరుకు ఏడు రూపాయల పైచిలుకు, ఇంట్లో చార్జింగ్ పెట్టే కారు ఒకటిన్నర రూపాయి లోపు, యూనిట్ 20 రూపాయల చొప్పున పూర్తిగా హైవే కేంద్రాల మీదే ఆధారపడే కారు మూడు రూపాయల పైచిలుకు ఖర్చు పెడతాయి. కరెంటు మూడో పద్ధతిలో కూడా చౌకే, కానీ రూపాయిన్నర కాదు. దీనికి కొనుగోలు దశలోని రాయితీలు తోడవుతాయి. 2019 ఆగస్టు నుంచి విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతం మాత్రమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు చివరి వరకు పూర్తిగా మినహాయించింది. మరోవైపు 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగడంతో రెండింటి ధరల మధ్య అంతరం మళ్లీ కొంత పెరిగింది. నేటి లాభంలో ఒక భాగం భౌతికశాస్త్రం ఇచ్చినదైతే మరో భాగం ప్రభుత్వం ఇచ్చినది; మొదటిది శాశ్వతం, రెండోది ఉత్తర్వు ఉన్నంతకాలమే.

మిర్యాలగూడ: బియ్యం లారీ, బొగ్గు కరెంటు

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యంతో కాకినాడ రేవు వంటి చోట్లకు వెళ్లే లారీ మూడు వందల కిలోమీటర్లకు పైగా పోవాలి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే పెద్ద లారీ ఆ మూడు వందల కిలోమీటర్లకు 75 లీటర్ల డీజిల్ తాగుతుంది, దాని బరువు 65 కిలోలు కూడా ఉండదు. అదే పని బ్యాటరీతో చేయించాలంటే 330 యూనిట్లకు అటూ ఇటూ కావాలి, ఆ బ్యాటరీ బరువు రెండు టన్నులు దాటుతుంది. ఇంజను, గేరుబాక్సు తీసివేసినందువల్ల కొంత బరువు తగ్గినా, మిగిలిన అదనపు బరువుకు సరిపడా బియ్యం బస్తాలు దించేయాల్సిందే. లారీ యజమానికి ప్రతి టన్నూ కిరాయే కాబట్టి, మిల్లు నుంచి దగ్గరి గోదాముకు, రైల్వే గూడ్సు షెడ్డుకు రోజూ అదే దారిలో తిరిగే బండ్లకు కరెంటు ముందుగా సరిపడుతుంది, దూరప్రయాణపు లారీలకు డీజిల్ మరికొంతకాలం తప్పదు. కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించిన పీఎం ఈ–డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ ఇవ్వకుండా, ద్విచక్ర వాహనాలు, ఆటోలు, బస్సులు, ట్రక్కులకు చోటివ్వడం వెనక ఇటువంటి లెక్కే ఉంది.

కార్ల వాదంలో మరుగున పడేది కూడా ఇదే. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటరు సుమారు వంద కిలోమీటర్లు పోతుంది, నెలంతా తిరిగినా ఇంటి బిల్లులో 30, 40 యూనిట్లకు మించి కలపదు, మామూలు ప్లగ్గుకే పెట్టుకోవచ్చు. ఈ మూడు పట్టణాల వీధుల్లో దినమంతా తిరిగే ఆటోకు, పాలు, కూరగాయలు చేరవేసే బండికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. బరువు, దూరం రెండూ చిన్నవైన చోట కరెంటు ఎదురులేని పోటీదారు.

మరి ఆ కరెంటు ఎక్కడ పుడుతోంది? దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన యాదాద్రి కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు ఐదింటితో మొత్తం 4,000 మెగావాట్ల సామర్థ్యానికి రూపకల్పన చేసినది. దాని రెండో యూనిట్‌ను 2024 డిసెంబరులో జాతికి అంకితం చేశారు. ఇలాంటి కేంద్రంలో కాల్చిన బొగ్గు వేడిమిలో నూటికి సుమారు 40 పాళ్లు కరెంటుగా మారుతుంది, తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో, చార్జింగ్‌లో, మోటారులో పోయేది పోగా చక్రానికి పాతిక పాళ్లు చేరుతుంది. పెట్రోలు ఇంజను నుంచి చక్రానికి చేరేది కూడా పాతిక పాళ్లేనని పైన చూశాం కనుక, పూర్తిగా బొగ్గు కరెంటుతో నడిచినంతవరకు వేడిమి లెక్కలో రెండు బండ్లూ సరిసమానమని రెండో పక్షం అనడంలో తప్పు లేదు.

అయితే దేశపు కరెంటు మొత్తం బొగ్గుది కాదు. జలవిద్యుత్తు, సౌర, పవన, అణు విద్యుత్తులు కలిసిన సగటున యూనిట్‌కు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది. తీగల నష్టాలు కూడా కలిపితే కరెంటు కారు వాటాకు కిలోమీటరుకు 135 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు వస్తుంది కాబట్టి, 15 కిలోమీటర్ల మైలేజీ ఉన్న కారు పొగగొట్టం నుంచే 153 గ్రాములు వదులుతుంది, చమురు తవ్వకం, శుద్ధి, రవాణాల్లో వెలువడేది కలిపితే 180 దాటుతుంది. బ్యాటరీ తయారీలో వెలువడిన రెండు మూడు టన్నులను ఈ తేడాతో పూడ్చుకోవడానికి సుమారు 50 వేల కిలోమీటర్ల ప్రయాణం కావాలి. కొని మూలన పెట్టిన కరెంటు కారు వల్ల పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు; బాగా తిరిగిన కారు వల్లనే మేలు. పైగా పెట్రోలు కారు కొన్ననాటికంటే శుభ్రం కావడం ఎన్నటికీ జరగదు, కరెంటు కారు మాత్రం గ్రిడ్డులో సౌరవిద్యుత్తు వాటా పెరిగేకొద్దీ తానేమీ మారకుండానే శుభ్రమవుతుంది. నాగార్జునసాగర్ నీటితో, పగటి ఎండతో పుట్టిన యూనిట్లు అందుబాటులో ఉన్న గంటల్లో చార్జింగ్ పెట్టేలా ధరలను నిర్ణయిస్తే ఈ మార్పు మరింత త్వరపడుతుంది.

పరిశ్రమలో మారేది, మారనిది

ఇంజను కారులో కదిలే భాగాలు వందల్లో ఉంటాయి, మోటారు కారులో వాటి సంఖ్య చాలా తక్కువ. ఇంజన్ ఆయిల్, క్లచ్చు, ఫ్యాన్ బెల్టు, సైలెన్సరు వంటి వాటి మీద బతికే మెకానిక్ షెడ్లకు, విడిభాగాల దుకాణాలకు పని తగ్గడం ఖాయం. టైర్లు, సస్పెన్షన్, ఏసీ, బాడీ పనులు ఎప్పటిలాగే ఉంటాయి. అధిక వోల్టేజీతో పనిచేసే బ్యాటరీ పెట్టెను పాత అలవాటుతో విప్పడం ప్రాణాంతకం కనుక, ఈ పట్టణాల ఐటీఐలలో కరెంటు వాహనాల మరమ్మతు శిక్షణ కార్ల అమ్మకాలకంటే ముందుగా రావలసిన అవసరం ఉంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ మార్పులో సొంత వాటా కూడా ఉంది. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం కరెంటు కార్లను సైతం తయారు చేస్తోంది, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒలెక్ట్రా విద్యుత్ బస్సులను నిర్మిస్తోంది, మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన చేసింది. అయితే లిథియం సెల్లుల తయారీలో, మోటార్లకు కావలసిన అరుదైన లోహాల అయస్కాంతాల్లో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం అయస్కాంతాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే భారతీయ వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. చమురు కోసం పశ్చిమాసియా వైపు చూసిన దేశం బ్యాటరీ కోసం మరో వైపు చూడవలసి రావడం స్వావలంబన అనిపించుకోదు. అలాగే లీటరు ధరలో సగం దాకా పన్నులుగా పొందుతున్న ప్రభుత్వాలు, బంకుల రాబడి తగ్గిన నాడు ఆ సొమ్మును యూనిట్ మీదనో కిలోమీటరు మీదనో రాబట్టుకోక మానవు.

ఎవరికి ఏది తగినది?

పై లెక్కలన్నీ చివరకు నాలుగు ప్రశ్నలుగా కుదురుతాయి: ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, అందులో హైవే వాటా ఎంత, రాత్రిపూట బండి నిలిపే చోట సొంత ప్లగ్గు ఉందా, కారును ఎన్నేళ్లు ఉంచుకుంటారు. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరుగుతూ ఇంట్లో చార్జింగ్ పెట్టుకోగల కుటుంబానికి ఇంధనంలో సుమారు 85 వేల రూపాయలు మిగులుతాయి, కొనుగోలులో మూడు లక్షలు అదనంగా పెట్టినా నాలుగేళ్ల లోపు తిరిగివస్తాయి. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు దాటనివారికి అదే మూడు లక్షలు రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది కాబట్టి వారికి పెట్రోలు కారో, మంచి కరెంటు స్కూటరో మేలు. అద్దె అపార్టుమెంటులో ప్లగ్గు లేక పూర్తిగా హైవే కేంద్రాల మీద ఆధారపడవలసినవారు ముందుగా ఆ కేంద్రాల సంఖ్యను, అవి పనిచేసే తీరును చూసుకోవాలి.

కారు కొనబోయే పాఠకులు కంపెనీ ప్రకటించిన కిలోమీటర్లలో మూడో వంతు తీసివేసి, తమ కరెంటు బిల్లు శ్లాబును, మీటరుకు మంజూరైన లోడును చూసుకొని, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకున్న తరువాతే షోరూము మెట్లెక్కడం మంచిది. ఆ కాగితం మీది జవాబు పొరుగింటివారి జవాబుతో కలవకపోయినా రెండూ సరైనవే కావచ్చు.